ఒక్క మీటింగ్‌కు వెళ్లి నచ్చక తిరిగొచ్చారా? ఇంకో అయిదారు చూశాక తేల్చుకోండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. తాగుడు మానాలని గట్టిగానే ఉంది. సొంతంగా మానేయడం, కొన్ని వారాలకు మళ్లీ మొదలుపెట్టడం చాలాసార్లు జరిగింది. డాక్టర్ చెబితే ఒకసారి ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగ్‌కు, అంటే తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకచోట కూర్చుని మాట్లాడుకునే చోటికి, వెళ్లారు. అక్కడ దేవుడు, ప్రార్థన అనే మాటలే ఎక్కువ వినిపించాయి. ఉన్నవాళ్లంతా మీకంటే బాగా పెద్దవాళ్లు. ఎవరూ పలకరించలేదు, అయిపోగానే వచ్చేశారు. ఇవి మీలాంటివారికి పనికొస్తాయా, పనికొస్తే సరైన మీటింగ్ దొరకడం ఎలా అని అడుగుతున్నారు. మీ ఆవిడ తోడు వస్తానంటోందట, తీసుకెళ్లొచ్చా అని కూడా అడిగారు.

నేను మందు మానేసి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ మీటింగులకు వెళ్తూనే ఉన్నాను. మా గ్రూపులో కొత్తగా వచ్చేవాళ్లను పలకరించి కూర్చోబెట్టే పని కూడా చాలాకాలం చేశాను. కాబట్టి సూటిగా చెప్తాను: పనికొస్తాయి, కానీ ఒక్కటి చూసి తేల్చకండి. రెండు మూడు వారాల్లో అయిదారు వేర్వేరు మీటింగులకు వెళ్లండి. ప్రతిదానికీ పది నిమిషాలు ముందే చేరండి, అయిపోయాక పావుగంట ఆగండి. ఇద్దరు ముగ్గురి ఫోన్ నంబర్లు తీసుకోండి. మొహమాటం లేకుండా ఫోన్ చేయగల మనుషులు ఎక్కడ దొరికితే అదే మీ మీటింగ్. గది ఎలా ఉంది, మాట్లాడినవాళ్లు ఎంత బాగా మాట్లాడారు అన్నవి తర్వాతి సంగతి.

దీనికంటే ముందు ఒక మాట. మీరు ఎంత తాగుతారో రాయలేదు. రోజూ బాగా తాగే అలవాటుండి, పొద్దున లేవగానే చేతులు వణకడం, చెమటలు పట్టడం, కాస్త పడితేగానీ కుదుటపడకపోవడం ఉంటే డాక్టర్‌ను అడగకుండా ఒక్కసారిగా ఆపేయకండి. చివరిసారి తాగిన కొద్ది గంటలకే వణుకు, ఆందోళన మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి లేని మనుషులు కనబడటం, ఎక్కడున్నారో తెలియకపోవడం, జ్వరం, గుండెదడ వస్తాయి. దీన్నే డెలీరియం ట్రెమెన్స్ అంటారు, ప్రాణాలు పోయే ప్రమాదం ఉంది. ఇదివరకు ఎప్పుడైనా మానేసినప్పుడు ఫిట్స్ వచ్చి ఉంటే మరీ జాగ్రత్త. ఆస్పత్రిలో కొన్ని రోజులు మందులిచ్చి, విటమిన్ బి1 ఇచ్చి క్షేమంగా దాటిస్తారు. మీటింగులో ఎంత మంచివాళ్లున్నా ఆ పని వాళ్లు చేయలేరు. ముందు డాక్టర్, ఆ తర్వాత మీటింగ్. రెండూ ఒకే వారంలో మొదలుపెట్టినా ఇబ్బంది లేదు.

ఇక ఫోన్ నంబర్ల మీద ఎందుకంత పట్టుబడుతున్నానో చెప్తాను. ఆల్కహాలిక్స్ అనానిమస్, అందరూ ఏఏ అనేది, మొదలైందే ఒక ఫోన్ కాల్‌తో. 1935లో బిల్ అనే న్యూయార్క్ షేర్ మార్కెట్ వ్యాపారి పని మీద అమెరికాలోని ఆక్రన్ అనే ఊరికి వెళ్లాడు. వ్యవహారం బెడిసికొట్టింది. అప్పటికి అతను తాగుడు మాని కొన్ని నెలలే. హోటల్ లాబీలో ఒక పక్క బార్, మరో పక్క ఫోన్. అతను ఫోన్ దగ్గరికి నడిచి, చర్చిలకు కాల్ చేసి, తాగుడుతో అవస్థ పడుతున్న మనిషి ఎవరైనా ఉంటే చెప్పండి, మాట్లాడాలి అన్నాడు. అలా అలా బాబ్ అనే సర్జన్ దగ్గరికి చేరాడు. పావుగంటకు మించి కూర్చోనన్న డాక్టర్ గంటలకొద్దీ కూర్చున్నాడు. ఆ డాక్టర్ చివరిసారి తాగిన రోజుగా చెప్పుకునే 1935 జూన్ 10నే ఏఏ పుట్టినరోజుగా లెక్కేస్తారు. గమనించండి, తాగుడు మానడానికి ఏఏలో ఒక్కొక్కటిగా చేయించే పన్నెండు మెట్లూ అప్పటికి లేవు, మీటింగులూ లేవు. ఒక తాగుబోతు ఇంకో తాగుబోతుతో మాట్లాడటం, అంతే. మిగతావన్నీ ఆ మాటలు ఆగిపోకుండా ఉండటానికి తర్వాత కట్టుకున్న ఏర్పాట్లు.

పరిశోధనలూ దీనికి దగ్గరగానే ఉన్నాయి. వైద్య పరిశోధనలను జల్లెడ పట్టే కోక్రేన్ సంస్థ 2020లో 27 అధ్యయనాలను, పది వేలకు పైగా మంది వివరాలను కలిపి చూసింది. రోగిని ఏఏతో కలిపి, అక్కడ కుదురుకునేలా పద్ధతి ప్రకారం నడిపించే చికిత్స, పూర్తిగా మానేసి ఉండటం అనే విషయంలో, ఆలోచనలను, అలవాట్లను మార్చుకోవడం నేర్పే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీలాంటి పేరున్న చికిత్సల కంటే మెరుగ్గా ఉందని తేల్చింది. ఎందుకు పనిచేస్తోందని ఆరా తీసిన పరిశోధకులు ముఖ్యంగా చెప్పే కారణం చుట్టూ ఉన్న మనుషులు మారడం. తాగే స్నేహాలు తగ్గి, తాగని స్నేహాలు పెరగడం. ఒక మీటింగ్‌లో గంటసేపు వెనక బెంచీలో కూర్చుని వచ్చేస్తే మీకు అందనిది సరిగ్గా అదే.

మీటింగ్ వెతకడం పెద్ద పని కాదు. ఏఏ వాళ్లకు వెబ్‌సైట్లు, హెల్ప్‌లైన్లు ఉన్నాయి, దగ్గరలోని మీటింగులు చూపించే ‘మీటింగ్ గైడ్’ అనే యాప్ కూడా ఉంది. ఆస్పత్రుల్లో డీఅడిక్షన్ విభాగంవాళ్లకు చుట్టుపక్కల గ్రూపులు దాదాపు అన్నీ తెలుస్తాయి. అయితే జాబితాలు పాతబడుతుంటాయి. గది మారుతుంది, టైమ్ మారుతుంది. ధైర్యం కూడగట్టుకుని వెళ్తే తలుపుకు తాళం కనబడి, అటు నుంచి అటే బార్‌కు వెళ్లినవాళ్లు నాకు తెలుసు. అందుకే వెళ్లే ముందు హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి ‘ఇవాళ ఉందా అండి?’ అని అడగండి. ఆ ఫోన్ ఎత్తేది కూడా సాధారణంగా మనలాంటివాళ్లే. కొన్నిచోట్ల ‘గేటు దగ్గర నిలబడతాను, రండి’ అని ఎదురొచ్చి తీసుకెళ్తారు. కొత్తవాళ్లకు అంతకంటే మంచి ప్రవేశం లేదు.

జాబితాలో ఓపెన్, క్లోజ్డ్ అని ఉంటుంది. ఓపెన్ మీటింగ్‌కు ఎవరైనా రావచ్చు: ఇంట్లోవాళ్లు, విద్యార్థులు, ఊరికే చూడాలనుకునేవాళ్లు. క్లోజ్డ్ అంటే తాగుడు సమస్య ఉన్నవాళ్లకు, మానాలనుకునేవాళ్లకు మాత్రమే. ఎవరైనా తెలిసినవాళ్లు చూస్తారేమోనని టెన్షన్ ఉంటే క్లోజ్డ్ మీటింగే నయం. ఆ లోపల కూడా రకాలున్నాయి. ఒకచోట ఒక్కరే తమ కథ పూర్తిగా చెప్తారు. ఇంకోచోట వరసగా అందరూ తలా నాలుగు మాటలు చెప్తారు. మరోచోట ఏఏ పుస్తకంలోంచి ఒక మెట్టు చదివి దాని మీద మాట్లాడుకుంటారు. కొత్తవాళ్లకోసమే, ఆడవాళ్లకోసమే, కుర్రవాళ్లకోసమే నడిచేవీ ఉంటాయి. మీరు మొదట వెళ్లింది మెట్ల మీద చర్చ జరిగే మీటింగ్ అయి ఉంటుందని నా అనుమానం. పన్నెండు మెట్లలో దేవుడి ప్రస్తావన చాలాచోట్ల వస్తుంది కాబట్టి ఆ రోజు వినేవాళ్లకు ఇదేదో భజన సమాజంలా అనిపించడంలో ఆశ్చర్యం లేదు. అదే గ్రూపులో మరో రోజు మామూలు షేరింగ్ ఉంటే ఇదే గదిలోనా అనిపిస్తుంది.

దేవుడి సంగతి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే చదువుకున్నవాళ్లు ఎక్కువగా ఇక్కడే జారిపోతారు. ఏఏలో ఉండటానికి కావలసిన అర్హత ఒక్కటే, తాగుడు మానాలన్న కోరిక. నమ్మకం గురించి ఎవరూ పరీక్ష పెట్టరు. మెట్లలో కూడా ‘మేము అర్థం చేసుకున్న విధంగా దేవుడు’ అనే ఉంటుంది. మా గ్రూపులో చాలాకాలంగా తాగకుండా ఉన్న ఒక నాస్తికుడు, ‘నాకంటే పెద్ద శక్తి ఏదంటే ఈ గదిలో ఉన్న మీరంతా’ అంటాడు, ఎవరూ అభ్యంతరం పెట్టలేదు. ప్రార్థన సమయంలో ఆయన ఊరికే నిలబడతాడు. మీరూ నిలబడొచ్చు. అది కూడా కుదరదనిపిస్తే దేవుడి ప్రసక్తి లేకుండా నడిచే ఏఏ గ్రూపులే ఉన్నాయి. ఏఏ కాని దారులూ ఉన్నాయి. 1994లో మొదలైన స్మార్ట్ రికవరీలో మెట్లు ఉండవు, వాటిని దగ్గరుండి చేయించే స్పాన్సర్ ఉండరు. కోరిక పుట్టినప్పుడు దాన్ని ఎలా దాటాలి, లాభనష్టాలు ఎలా బేరీజు వేసుకోవాలి అని అభ్యాసాలు చేయిస్తారు. లైఫ్‌రింగ్ అని మరొకటి, ఆడవాళ్లకోసం విమెన్ ఫర్ సోబ్రైటీ అని ఇంకొకటి. దగ్గరలో లేకపోతే ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. నేను ఏఏలో ఉండిపోయానంటే కారణం అది ఎక్కడ చూసినా ఉంటుంది, రోజూ ఉంటుంది. రాత్రి ఎనిమిదికి మనసు పీకుతుంటే వచ్చే గురువారం దాకా ఆగమనే మీటింగ్ ఎంత శాస్త్రీయమైనదైనా ఏం లాభం?

లోపల ఏం జరుగుతుందో ఒకసారి వెళ్లారు కాబట్టి కొంత తెలిసే ఉంటుంది. గంట, గంటన్నర. పేరు ఒక్కటే చెప్తారు, ఇంటిపేరు అడగరు, ఫీజు లేదు. చివర్లో ఒక పెట్టెనో బుట్టనో తిరుగుతుంది. గది అద్దెకు, పుస్తకాలకు. కొత్తవాళ్లు వేయనక్కర్లేదు. మీ వంతు వస్తే ‘ఇవాళ వింటాను’ అనేయండి, చాలు. ‘నేను ఆల్కహాలిక్‌ని’ అని అందరూ అన్నారు కాబట్టి మీరూ అనాలని లేదు. ఒకరు మాట్లాడుతుంటే మధ్యలో ఎవరూ సలహాలివ్వరు, కాబట్టి మీరు ఏదైనా చెప్పాక గది నిశ్శబ్దంగా ఉంటే పట్టించుకోలేదని అనుకోకండి. అది పద్ధతి.

మిమ్మల్ని ఎవరూ పలకరించకపోవడం మాత్రం ఆ గ్రూపు తప్పే. అయినా దానికి మీ చేతిలో ఒక విరుగుడు ఉంది. మీటింగ్ అవగానే కుర్చీలు మడతపెట్టే పని ఉంటుంది. వెళ్లి ఒక కుర్చీ పట్టుకోండి. నేను తలుపు దగ్గర నిలబడి చూసిన దాంట్లో, బిడియస్తులు నోరు విప్పేది దాదాపు ఎప్పుడూ అక్కడే. చేతులకు పని ఉంటుంది, ఎదుటివాళ్ల కళ్లలోకి చూడాల్సిన అవసరం ఉండదు. అవతలివాళ్లు ‘ఇవి ఆ మూలకు’ అంటారు, ‘ఇదే మొదటిసారా?’ అని అడుగుతారు, మీరు ‘రెండోసారి’ అంటారు, పని అయ్యేసరికి నంబర్ చేతికొస్తుంది. ఇవ్వకపోతే అడగండి: ‘ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చా అండి?’ కాదనేవాళ్లను నేను పెద్దగా చూడలేదు. నంబరిచ్చినవాళ్లకు కూడా ఆ కాల్ అవసరమే. బిల్ ఆ రోజు డాక్టర్ కోసం ఫోన్ చేయలేదు కదా, తన కోసం చేసుకున్నాడు.

నంబర్ తీసుకున్న మర్నాడే, ఏ ఇబ్బందీ లేనప్పుడే ఫోన్ చేయండి. ఇది నేను కొత్తవాళ్లందరికీ చెప్తాను, సగంమంది వినరు. జేబులో నంబర్లన్నీ పెట్టుకుని, తాగాలనిపించిన రోజు ఒక్కటీ నొక్కలేకపోయిన మనిషిని చూశాను. తర్వాత అడిగితే, ‘పరిచయం లేనివాళ్లకు ఫోన్ చేసి నేను తాగబోతున్నాను అని ఎలా చెప్పమంటారు?’ అన్నాడు. నిజమే, ఎవరూ చెప్పలేరు. అదే మనిషి ఆ తర్వాత రోజూ సాయంత్రం ఒకాయనకు ‘ఇవాళ వస్తున్నారా?’ అని మెసేజ్ పెట్టడం మొదలుపెట్టాడు. అందులో ఏముంది అనిపిస్తుంది. కానీ కొన్ని వారాలకు ఒకరోజు ‘ఇవాళ వస్తున్నారా? నేను రాలేనేమో, షాపు ముందున్నాను’ అని పెట్టగలిగాడు. ఆయన అయిదు నిమిషాల్లో ఫోన్ చేశాడు.

స్పాన్సర్ గురించి కంగారు వద్దు. ముందు నుంచి ఆ దారిలో ఉండి, మెట్లు ఒక్కొక్కటీ మీతో చేయించే మనిషి అంతే. కొన్నాళ్లు విన్నాక, ఎవరి మాట మీకు ఎక్కుతోందో వాళ్లను అడగండి. మగవాళ్లకు మగవాళ్లు, ఆడవాళ్లకు ఆడవాళ్లు అన్నది మామూలుగా పాటించే పద్ధతి, అందులో తెలివి ఉంది. కుదరకపోతే మార్చుకోవచ్చు, అదేం అవమానం కాదు.

అందరూ మంచివాళ్లే ఉంటారని మాత్రం అనుకోకండి. కష్టాల్లోంచి వచ్చిన మనుషులు కూర్చునే గది అది. అప్పు అడిగేవాళ్లు, కొత్తగా వచ్చిన ఆడపిల్లల వెంట పడేవాళ్లు, అక్కడ విన్నది బయట మోసేవాళ్లు అరుదుగానైనా తగులుతారు. ఒకవేళ ఎవరైనా ‘మానసిక వైద్యుడిచ్చిన మాత్రలు ఆపెయ్, అదీ మత్తే’ అంటే ఆ మాట వినకండి. సభ్యులెవరూ డాక్టర్ పాత్ర పోషించకూడదని ఏఏ తన ప్రచురణల్లోనే చెప్తుంది. తాగకుండా ఉండటానికి డాక్టర్లు రాసిచ్చే నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటి మందులు వాడుతూ మీటింగులకు వచ్చేవాళ్లు మా దగ్గరే ఉన్నారు, రెండింటికీ పేచీ లేదు. చచ్చిపోవాలనే ఆలోచనలు వస్తుంటే అది మీటింగ్‌లో షేర్ చేసి ఊరుకునే సంగతి కాదు, ఆ రోజే డాక్టర్‌ను కలవాలి.

గోప్యత గురించి కూడా ఉన్నదున్నట్టు తెలుసుకోండి. అక్కడ విన్నది అక్కడే వదలాలన్నది గట్టి సంప్రదాయం, నేను చూసినంతలో ఎక్కువమంది నిలబెట్టుకుంటారు. తెలిసినవాళ్లు కనబడితే వాళ్లూ మీలాంటి కారణంతోనే వచ్చారు. కానీ అది డాక్టర్‌కో లాయర్‌కో ఉండే చట్టపరమైన రక్షణ లాంటిది కాదు. కాబట్టి కోర్టు కేసులు, ఆఫీసు లెక్కల గొడవలు, ఇంకొకరి పరువుకు సంబంధించిన సంగతులు గది మధ్యలో చెప్పొద్దు. ఎలా తాగారో, ఇవాళ ఎలా ఉందో చెప్పుకోవడానికి అవేవీ అక్కర్లేదు.

ఆన్‌లైన్ మీటింగులు సరిపోతాయా అంటే, అసలు లేనిదానికంటే ఎంతో నయం. మొదటిసారి కెమెరా ఆపేసి వినడానికి, ప్రయాణంలో ఉన్నప్పుడు, అర్ధరాత్రి నిద్ర పట్టనప్పుడు వాటికి సాటి లేదు. కానీ అక్కడ కుర్చీలు మడతపెట్టే పావుగంట ఉండదు, బటన్ నొక్కితే మాయమైపోవచ్చు. వాటి మీదే ఆధారపడేటట్టయితే రోజూ అదే టైమ్‌కు అదే గ్రూపులో చేరండి, ముఖం చూపించండి, చాట్‌లో ఒకరిని నంబర్ అడగండి.

మధ్యలో మళ్లీ తాగితే ఏంటని మీరు అడగలేదు గానీ అడుగుతారు. మర్నాడు వెళ్లండి. తలుపు మూసేయరు, ఎన్నోసారి అని అడగరు. తాగి ఉన్నా వెళ్లి కూర్చోవచ్చు, బండి మాత్రం నడపొద్దు, ఆ రోజుకు మాట్లాడకుండా వినండి. తాగాక సిగ్గుతో మీటింగ్ మానేసినవాళ్లు తిరిగి రావడానికి పట్టే కాలం చాలా ఎక్కువ, ఆ మధ్యలో జరిగే నష్టం మీకు నేను చెప్పక్కర్లేదు. ఇక ఎన్ని రోజులు, ఎన్ని మీటింగులు అంటారా? తొంభై రోజుల్లో తొంభై అని ఒక నానుడి ఉంది. రూలేం కాదు. మొదటి మూడు నెలలు వీలైనంత దగ్గర దగ్గరగా వెళ్లడం మంచిది, తర్వాత మీకే తెలుస్తుంది.

మీ ఆవిడ సంగతి. ఓపెన్ మీటింగ్‌కైతే నిరభ్యంతరంగా తీసుకెళ్లండి, గుమ్మం దాటడానికి ఆ తోడు పనికొస్తుంది. కానీ ఆమె పక్కన ఉంటే మీరు అయిపోగానే ఆమెతోనే మాట్లాడుకుంటూ బయటికి వచ్చేస్తారు, నంబర్ల పని జరగదు. అందుకని మిగతావాటికి ఒక్కరే వెళ్లండి. ఆమెకు విడిగా అల్-అనాన్ ఉంది, తాగేవాళ్ల కుటుంబాలకోసం 1951లో మొదలైనది. మిమ్మల్ని మాన్పించడం ఎలాగో అక్కడ నేర్పరు. మీ తాగుడు చుట్టూ తిరిగి తిరిగి అలిసిపోయిన మనిషి తన నిద్ర, తన ఆరోగ్యం ఎలా చూసుకోవాలో అదే దారిలో నడిచినవాళ్లు చెప్తారు. మీరు మానినా మానకపోయినా ఆమె వెళ్లొచ్చు, మీ అనుమతి అక్కర్లేదు. కొన్నిచోట్ల రెండు మీటింగులూ ఒకే టైమ్‌కు పక్కపక్క గదుల్లోనే జరుగుతాయి. హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసినప్పుడు అది కూడా అడగండి.